లింకుకో చుక్క: ఖమ్మం నుంచి భద్రాచలానికి సైకిళ్ళ మీద

భద్రాచలం దారిలో అడవి ఎట్లా ఉందో చెప్పమని మా కాలనీ ఆడవాళ్ళు వచ్చి చుట్టూ కూర్చున్నారు. చెప్పబోతే నాకేమీ తోచలేదు. టేకుచెట్లు ఉన్నాయి. అడవన్నాక ఉంటాయి కదా. దారి పొడుగునా నేను చూసింది మా ఆయన వీపు, ఆయన సైకిల్ వెనక చక్రం. విన్నది ఆయన ఊపిరి, ఆ సైకిల్ చైన్ చప్పుడు. అడవి అందాల కోసం చదివేవాళ్ళుంటే ఇక్కడే దిగిపోవచ్చు. నేనేమీ అనుకోను.

దిగనివాళ్ళకు ముందు మా ఆయన సంగతి చెప్పాలి. పేరు వెంకటేశ్వర్లు. ఖమ్మం బజార్లో ఆ పేరు పెట్టి పిలిస్తే సగంమంది వెనక్కి తిరుగుతారు. పెళ్ళయిన కొత్తలో, భద్రాచలానికి గోదావరి ఇవతలి ఒడ్డునుండే సారపాక పేపరు మిల్లులో స్టోర్స్ గుమాస్తాగా చేశాడు. షిఫ్టుకి సైకిల్ మీద పోయేవాడు, సైకిల్ మీద వచ్చేవాడు, ఆదివారాలు నన్ను క్యారేజీ మీద ఎక్కించుకుని గోదావరి వంతెన మీద తిప్పేవాడు. తర్వాత ఖమ్మం వచ్చేసి ఎరువుల దుకాణం పెట్టుకున్నాం. నిరుడు ఆయన గుండెకి స్టంట్ వేశారు. అప్పటినుంచి వరండాలో కుర్చీ, కుర్చీలో ఆయన. కూరగాయల బండి వస్తే గేటు దాకా కూడా లేవడు. భయమని ఒప్పుకోడు. "ఎండగా ఉంది" అంటాడు. వానాకాలంలో కూడా అదే మాట.

అట్లాంటి మనిషి ఒకరోజు పొద్దున షెడ్డులోంచి పాత సైకిల్ బయటికి లాగి, "సారపాక పోయొద్దామా విజయా, దీని మీదనే" అన్నాడు.

దవాఖానాకి తీసుకుపోయి డాక్టర్‌ని అడిగాను, వద్దంటాడనే ధైర్యంతో. ఆయనేమో పొమ్మన్నాడు. "మెల్లగా, ఊళ్ళల్లో ఆగుకుంటూ పోండమ్మా. మాట్లాడుకుంటూ తొక్కాలి. మాట తెగిందంటే మాత్రం దిగాలి" అన్నాడు.

చిక్కంతా అక్కడే ఉంది. మా ఆయన మాట్లాడే రకం కాదు. మా కాపురంలో మాటలన్నీ నావే. ఆయన చేత మాట్లాడించాలంటే ఒకటే దారి, తగువు పెట్టుకోవడం. ఆ విద్యలో నాకు లోటు లేదని మా అత్తగారు కూడా ఒప్పుకునేది.

బయలుదేరే ముందు ఆయనన్నది రాస్తాను, ఎందుకంటే నా భయానికంతటికీ అదే మూలం. "ఈ ఒక్కసారి చూస్త. పోగలిగితే పోయినట్టు. మధ్యల ఆగిపోతే సైకిల్ పాతసామాన్లోనికి ఇచ్చేస్త, కుర్చీల కూసుంట. మళ్ళ నన్ను ఎటు రమ్మనొద్దు."

కూర్చుంటాడు. అన్నమాట మీద నిలబడే జబ్బు ఆయనకి గుండెజబ్బు కంటే పాతది.

ఖమ్మం: కొత్త చైన్

ఆయనది నల్లటి బరువైన సైకిల్. చైన్‌కి చుట్టూరా రేకు కవర్ ఉంటుంది, పంచె అంచు పడకుండా. లోపలి చైన్ తుప్పుపట్టి కర్రలా బిగుసుకుపోయింది. మెకానిక్ యాకూబ్ భాయ్ దాన్ని పీకి పారేసి కొత్తది వేశాడు. వేస్తూ ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"కొత్త చైన్ మేడం. దీనికి కంపెనీ గ్రీజుంటది, కడగొద్దు. పైపైన బట్టతోటి తుడవాలె. రోడ్డు మీద దుమ్ముల పోయినంక లింకుకో చుక్క నూనె. చుక్కంటే చుక్కే! ఏసి, పెడల్ ఎనకకు తిప్పి, పైన మిగిలింది బట్టతోటి తుడిచెయ్యాలె."

"తుడిచేదానికి వేసేదెందుకు?"

"నూనె లోపలుండాలె మేడం. బయటుంటే దుమ్మును పిలుస్తది."

"మరి మీరు పక్కనున్న ఆ సైకిల్‌కి డబ్బాతో గుమ్మరిస్తున్నారేంది?"

యాకూబ్ భాయ్ చేతిలో డబ్బా వైపు చూసుకున్నాడు. "గది అమ్మే సైకిల్, మెరవాలె. ఇది తొక్కే సైకిల్."

మా ఆయన నవ్వాడు. వరండా కుర్చీ ఎక్కాక ఆయన నవ్వు వినడం అదే మొదలు. ఆ నవ్వు చూసి ఇక వద్దనలేకపోయాను.

కుట్టుమిషన్ నూనె సీసా ఒకటి కొని హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను, ఆయన నాలుక కింద పెట్టే మాత్రల పక్కన. వంగే పనులు ఆయన చెయ్యకూడదు, చైన్ పని నాది అని చెప్పేశాను. నా లేడీస్ సైకిల్ సంగతేమిటని అడిగితే యాకూబ్ భాయ్ ఒకసారి తల వంచి చూసి, "మీదానికేంది, నడుస్తది" అన్నాడు. నేను మళ్ళీ దానివైపు చూడలేదు.

కారేపల్లి: ఆముదం

ఆయన ముందు, నేను వెనక. అట్లా అయితేనే ఆయన భుజాలు కనపడతాయి. మంచు కాలం, చలి పొద్దు, పత్తి ఏరేవాళ్ళు చేలల్లో దిగుతున్నారు. ఊరు దాటగానే తగువు తీశాను.

"మన పెళ్ళిలో వడ్డించింది సొరకాయ పులుసు."

"గుమ్మడికాయ" అన్నాడు.

ఇది మా ఇంట్లో పాత కేసు. ఇద్దరికీ సాక్షులు లేరు, వంటాయన పోయాడు. నాకైతే సొరకాయ ముక్క నా పెళ్ళిచీర మీద పడ్డ మరక కూడా గుర్తుంది. ఆయనకేమో గుమ్మడికాయలు బండి మీదనుంచి దింపింది తనే అని గుర్తు.

"బండి మీదనుంచి దింపినవి తినడానికా, దిష్టి తీయడానికా?"

"నాలుగు గుమ్మడికాయలు దిష్టికి ఎవడు తెస్తడే? నీ మొహానికి అంత దిష్టా?"

మాట పూర్తిగా వచ్చింది, ఊపిరి తెగలేదు. నాకు ఒళ్ళు తేలికైంది. పైకి మాత్రం, "నా మొహానికేమైంది?" అని ఇంకో మూడు మైలురాళ్ళ దాకా లాగాను.

కానీ ఒకటే ఇబ్బంది. కవర్ లోపలినుంచి చైన్ కర్‌కర్‌మంటోంది. ఆ చప్పుడులో ఆయన ఊపిరి నాకు వినపడదు. చప్పుడు ఆగితే బాగుండునని నేను అనుకోని క్షణం లేదు. ఆ తర్వాత జరిగినదానికంతటికీ ఈ కోరికే కారణం.

కారేపల్లిలో మా పెదనాన్న కూతురు శకుంతలక్క ఇంట్లో ఆగాం. అక్క అత్తగారి తరఫువాళ్ళు కోస్తానుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్నవాళ్ళు. తరాలు మారినా మాట మాత్రం కృష్ణ ఒడ్డుదే. పండుమిరప పచ్చడి, వేడన్నం పెట్టింది. మా ఆయన పళ్ళెం దగ్గరికి నెయ్యి గరిటె రాగానే నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"అదేవిటే, మరిదిగారికి నెయ్యి కూడా వెయ్యనివ్వవా? సరే, ఆ సైకిలుకైనా వెయ్యనిస్తావా? వాకిట్లోకి వస్తుంటేనే పిల్లి ఏడ్చినట్టు ఏడ్చింది" అంది.

ఆముదం సీసా పట్టుకొచ్చింది. వాళ్ళ మామగారు ఎడ్లబండి ఇరుసుకి ఆముదం కందెన వేసే ఈ ఊరు చేరారని చెప్పింది. కవర్ వెనక ఉండే చిన్న రేకు మూత తీసింది. లింకుకో చుక్క అని నేను మొదలుపెట్టేసరికి, "చుక్కా? చుట్టానికి చుక్కలు లెక్కపెట్టి పోస్తామా?" అని సీసా వంచేసింది.

పెడల్ తిప్పింది. చప్పుడు లేదు.

యాకూబ్ భాయ్ చెప్పినట్టు తుడవాలంటే కవర్ మొత్తం విప్పాలి. దానికి స్క్రూలున్నాయి, నా దగ్గర స్క్రూడ్రైవర్ లేదు. చప్పుడు ఆగింది కదా అని ఊరుకున్నాను. మర్నాడు దారిలో ఆయన ఊపిరి శుభ్రంగా వినపడింది. ఆముదానికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఇల్లందు: బొగ్గుదుమ్ము

ఇల్లందు చేరేలోపే నా చీర అంచు నల్లబడింది. బొగ్గు లారీ ఒకటి పక్కనుంచి పోతే, దాని వెనక వచ్చే గాలి కూడా నల్లగానే ఉంటుంది. ఖమ్మంలో మేం ఎర్రదుమ్ము తుడుచుకుంటాం, ఇక్కడివాళ్ళు నల్లది. గుమ్మాలకి పసుపు రాసినా పూటకే రంగు మారుతుందని చాయ్ కొట్టు మల్లేశం చెప్పాడు.

మల్లేశం చాయ్ గ్లాసు మా ఖమ్మం గ్లాసులో సగం, ధర మాత్రం అంతే. ఊరుకుంటానా?

"గ్లాసు చిన్నగున్నదమ్మా, చాయ్ చిక్కగున్నది. ముందు తాగున్రి, అటెన్క లొల్లి పెట్టున్రి" అన్నాడు.

తాగాను. చిక్కగానే ఉంది. ఇంకోటి తాగాను. లొల్లి మర్చిపోయాను.

సైకిల్ మళ్ళీ కర్‌కర్‌మనడం మొదలైంది. కొత్త చైన్ మొదట్లో కొంచెం సాగుతుందట. సాగి వదులై కవర్‌కి రాసుకుంటోంది. పక్కనే పంక్చర్లు వేసే ఆయన వెనక చక్రం నట్లు వదులుచేసి, చక్రాన్ని వెనక్కి లాగి బిగించాడు. చప్పుడు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అప్పుడు మల్లేశం కొట్టులోంచి వాడేసిన ఇంజనాయిల్ డబ్బా పట్టుకొచ్చాడు.

"గంత పెద్ద లారీలే దీంతోటి నడుస్తున్నయి. సారు సైకిల్ ఎంత?"

"వద్దు, లింకుకో చుక్కే చెయ్యాలంట" అన్నాడు మా ఆయన.

"చుక్కేంది సారు, గుడిల తీర్థమా?" అంటూ పోసేశాడు.

నేను వద్దనలేదు. పైగా, "ఆయన మాటలకేంది, పొయ్యండి" అన్నాను. చప్పుడు పోయింది. ఊపిరి వినపడింది. నాకు కావలసింది అదే.

కొత్తగూడెం మీదుగా పాల్వంచ దాకా రోడ్డు నిండా లారీలే. పక్కకి దిగితే దుమ్ము, దిగకపోతే ప్రాణం మీదికే. దిగాం. పాల్వంచలో జామకాయలు కొన్నాను. దోర కాయలకి పండ్ల ధర చెప్పిందని అమ్మే ఆమెతో గొడవపడుతుంటే మా ఆయన చెట్టుకింద కూర్చుని రెండు తినేశాడు. ఉప్పు లేకుండా తిన్నాడు. డాక్టర్ వద్దన్నాడని నేను గుర్తుచెయ్యకుండానే. ఆ పూట నిజంగా కులాసాగా ఉన్నాడు.

పాల్వంచ దాటాక: జోగమ్మ ఇల్లు

పాల్వంచ దాటితే అడవి. రోడ్డు మీదనుంచి కొంచెం లోపలికి పోతే ఒక కోయగూడెం. అక్కడ సోమయ్య ఉంటాడు. మిల్లు కట్టెల యార్డులో కాంట్రాక్టు పని చేసిన రోజులనుంచి మా ఆయనకి స్నేహితుడు. ఫోన్ చేస్తే, "రా సారు, అమ్మను కూడ తీస్కరా. మా కాడ సిగ్నల్ ఉండది, నేనే రోడ్డుమీదికొచ్చి నిలబడ్త" అన్నాడట. సిగ్నల్ ఉండదన్న మాట విన్నాక, ఆ భయానికి మిగతా మాటలేవీ నా చెవికెక్కలేదు.

సోమయ్య చెప్పినట్టే నిలబడ్డాడు. మనిషి ఎండుకట్టెలా ఉన్నాడు, నవ్వు మాత్రం పచ్చిగా ఉంది. భార్య జోగమ్మ మా చేతికి నీళ్ళు ఇచ్చి, ఉడకబెట్టిన కందికాయలు చాటలో పోసి ముందు పెట్టింది. వేడి కందికాయ ఒలుచుకు తింటుంటే మాట్లాడటానికి నోరు ఖాళీ ఉండదు. నేను అంతసేపు ఊరుకున్నది చూసి మా ఆయన ఆశ్చర్యపోయాడు. సోమయ్యా జోగమ్మా తమలో తాము కోయ భాషలో ఏదో అనుకుని నవ్వారు.

"ఏమంటున్నది?" అని అడిగాను.

"ఏం లేదమ్మా. పట్నపామె బాగ మాట్లాడ్తదన్నవు గద, ఏమైంది అని అడుగుతున్నది" అన్నాడు సోమయ్య.

ఎవరు చెప్పారో వేరే అడగాలా? మా ఆయన కందికాయల్లో తల దూర్చాడు.

చీకటి పడకముందే జోగమ్మ కన్ను సైకిల్ మీద పడింది. "అక్కా, సారు బండి మూలుగుతున్నది" అంది. మూలుగుతూనే ఉంది. కొత్తగూడెం దుమ్ము తిన్నాక మళ్ళీ మొదలైంది. జోగమ్మ లోపలికి పోయి పొయ్యి పక్కన పెట్టిన సీసా తెచ్చింది. ఇప్పనూనె. ఇప్పపలుకులు ఏరి, ఎండబెట్టి ఆడించినది. కూరకీ అదే, దీపానికీ అదే.

"తినే నూనె కదా జోగమ్మా, చైన్‌కి ఎందుకు దండగ?"

"తినేదే పొయ్యాలె అక్కా. తినంది పోస్తే, వీళ్ళు నన్ను పరాయిదాన్ని చూసినట్టు చూసిన్రు అనుకోదా బండి? మా మామ ఉన్నప్పటిసంది ఇంతే. మా ఇంటికొచ్చిన సుట్టం బండి పొడి ఇరుసుతోటి ఎన్నడు పోలే."

ఖమ్మం పక్కన మా ముదిగొండ వైపు చుట్టం వస్తే కాళ్ళకి నీళ్ళిస్తాం. వాళ్ళు వచ్చిన బండి వైపు ఎవరం చూడం. ఈ ఇంట్లో బండికి కూడా భోజనం పెడతారు. నాకది ఎంత నచ్చిందంటే, తగువు పెట్టుకోవడానికి మనసు రాలేదు.

"ఎక్కువైతదేమో విజయా" అన్నాడు మా ఆయన మంచం మీదనుంచి.

"మీరు ఊరుకోండి" అన్నాను. జోగమ్మ మూత తీసి పోసింది, నేను పెడల్ తిప్పాను. ఇంకొంచెం పొయ్యమన్నది కూడా నేనే. పొయ్యి వేడికి నూనె తేనెలా జారుతూ లోపలికి పోయింది. మూలుగు ఆగింది. ఆ రాత్రి నేను నిద్రపోయాను, ఇంటినుంచి బయలుదేరాక మొదటిసారి.

తెల్లారి బాగా చలి. పొగమంచులో ఎదురిల్లు కనపడలేదు. జోగమ్మ కూరలో వెయ్యడానికి సీసా తీసింది. నూనె గడ్డకట్టి తెల్లగా ఉంది, పేరుకున్న నెయ్యిలాగా. పుల్లతో గోకి మూకుట్లో వేసింది. నేను పక్కనే నిలబడి చూశాను. చూసి, "మా కొబ్బరినూనె కూడా ఇంతే చలికాలంలో" అని కూడా అన్నాను. బుర్ర ఉన్న మనిషికి అప్పుడే తట్టాలి.

ఎత్తు

గూడెం దాటి రోడ్డెక్కాక దారి మెల్లగా ఎత్తు పెరుగుతుంది. కారులో పోయేవాళ్ళకి తెలియదు. సైకిల్‌కి తెలుస్తుంది, స్టంట్ వేసిన గుండెకి ఇంకా బాగా తెలుస్తుంది. రెండు పక్కలా టేకు, మధ్యలో మంచు, ముందు ఆయన వీపు.

"సొరకాయ పులుసు" అన్నాను.

జవాబు లేదు.

"వినపడ్డదా? సొరకాయ."

"ఊఁ" అన్నాడు.

భుజాలు పైకీ కిందికీ ఊగుతున్నాయి. నిన్నటిదాకా అట్లా ఊగలేదు. ఊపిరి వినపడుతోంది, వినపడకుండా ఉంటే బాగుండుననేంత పెద్దగా. చైన్ మాత్రం చప్పుడు చెయ్యడం లేదు. నిశ్శబ్దం ఇంత భయంగా ఉంటుందని నాకు తెలియదు.

"మాట్లాడండి! పెళ్ళిలో ఏం పులుసు?"

ఆయన రెండుసార్లు పెడల్ తొక్కాక, "సొరకాయే" అన్నాడు.

ఇన్నేళ్ళలో మా అమ్మ అడిగినా, పంతులు అడిగినా, పంతానికి పోయి గుమ్మడికాయ మీదనుంచి దిగని మనిషి సొరకాయకి ఒప్పుకున్నాడు.

"దిగండి!" అని అరిచాను.

దిగాడు. సైకిల్ చెట్టుకి ఆనించి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. మొహం చెమట. అంత చలిలో చెమట. నేను నా సైకిల్ రోడ్డు పక్కన పడేసి, బ్యాగులోంచి మాత్రలు తీయబోతే ముందు మిషన్ నూనె సీసా చేతికొచ్చింది. తిట్టుకుని మళ్ళీ వెతికాను.

"నొప్పి ఉందా? ఎడమ చెయ్యి లాగుతోందా?"

"నొప్పి లేదు. బలం లేదు. తొక్కుతుంటే ఎవరో ఎనకనుంచి పట్టుకున్నట్టున్నది." సైకిల్ సీటు మీద చెయ్యి వేశాడు. "అయిపోయింది విజయా. నిన్నటిదాకా ఏదో అనుకున్న. ఇగ ఇంతే. సైకిల్ సోమయ్యకే ఇచ్చేద్దాం."

ఫోన్ తీశాను. సిగ్నల్ లేదు. నీళ్ళు తాగించాను. నాడి పట్టుకున్నాను, నాకు చూడటం వచ్చినట్టు. అది కొట్టుకుంటోంది, నాది ఇంకా గట్టిగా కొట్టుకుంటోంది. ఏ బస్సు చప్పుడూ లేదు. కాసేపటికి ఆయన ఊపిరి కుదుటపడింది, చెమట ఆరింది. మొహం మాత్రం వరండా మొహం అయిపోయింది. ఆ మొహం మళ్ళీ చూడాల్సి వస్తుందనే నేను భయపడింది.

పైన మలుపు దగ్గర సిగ్నల్ రావచ్చనిపించింది. ఆయన్ని వదిలి పోలేను. "నా సైకిల్ తేలిక. దాన్ని చేత్తో పట్టుకుని మెల్లగా నడవండి. ఈ దున్నపోతుని నేను తెస్తా" అని ఆయన సైకిల్ ఎక్కాను.

పెడల్ మీద బరువు వేశాను. కదల్లేదు. లేచి నిలబడి తొక్కాను. బురదలో అరక లాగినట్టు కదిలింది. కొంత దూరం పోయేసరికి తొడలు వణికాయి, నోట్లో తడి ఆరిపోయింది, చలిలో నాకు చెమట పట్టింది. ఆగిపోయాను. సరిగ్గా అప్పుడు నా పక్కనుంచి ఒక లేడీస్ సైకిల్ ఎత్తు మీదికి పోయింది. దాని మీద మా ఆయన.

నడవమంటే ఎందుకు ఎక్కాడో తర్వాత అడిగితే, "ఊరికే చూద్దామని" అన్నాడు. నన్ను దాటి పోయి, తనే ఆశ్చర్యపడి, ఆగి వెనక్కి తిరిగాడు.

"నాకు స్టంట్ లేదు కదండీ! నాకెందుకు ఇంత ఆయాసం?" అని అరిచాను.

ఇద్దరం ఒకేసారి సైకిల్ వైపు చూశాం.

తలకిందులు చేసి నిలబెట్టాం. పెడల్ చేత్తో తిప్పి వదిలితే ఎక్కడిదక్కడే ఆగిపోయింది. అప్పుడు నాకు తెల్లగా గడ్డకట్టిన ఇప్పనూనె సీసా గుర్తొచ్చింది.

జామాయిల్ కర్ర వేసుకుని మిల్లుకి పోతున్న లారీ ఒకటి మమ్మల్ని చూసి ఆగింది. డ్రైవర్ సైదులు తల బయటపెట్టాడు. "ఏందమ్మా, సైకిల్‌ను బోర్లేసి పూజ చేస్తున్రా?"

"పూజ తర్వాత. స్క్రూడ్రైవర్ ఉందా?"

ఉంది. దిగివచ్చి తనే కవర్ విప్పాడు. విప్పి వెనక్కి జరిగాడు. "ఏందమ్మా ఇది? బొగ్గుతోటి హల్వా చేసిన్రా?"

కవర్ అడుగున పిడికిలి మందాన నల్లటి ముద్ద. శకుంతలక్క ఆముదం, మల్లేశం ఇంజనాయిల్, ఇల్లందు బొగ్గు, కొత్తగూడెం దుమ్ము, అన్నిటినీ కలిపి చలికి గడ్డకట్టించిన జోగమ్మ ఇప్పనూనె. ఆ ముద్దని దున్నుకుంటూ చైన్ తిరగాలి. వెనక చక్రం ఇరుసు దగ్గర కూడా అదే. దారిలో ఎదురైన ప్రతివాళ్ళూ ప్రేమగా పోశారు. తుడిచినవాళ్ళు ఒక్కరూ లేరు, నాతో సహా.

మా ఆయన ఆ ముద్దని వేలితో గుచ్చి చూశాడు. తర్వాత చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, "అంటే, నాది బానే ఉన్నదా?" అన్నాడు.

నేను పుల్లతో ముద్ద గోకడం మొదలుపెట్టాను. సైదులు డీజిల్‌లో ముంచిన పాతబట్ట ఇచ్చాడు. చైన్ ఒక్కొక్క లింకూ తుడిచాను. ఆరేదాకా ఆగి, మిషన్ నూనె సీసా తీసి లింకుకో చుక్క వేశాను. చుక్కంటే చుక్కే. మా ఆయన పెడల్ వెనక్కి తిప్పాడు. పైన మిగిలింది నా చీర కొంగుతో తుడిచాను. ఆ చీర ఎట్లాగూ పోయింది. పెడల్ ఒక్కసారి ముందుకు తిప్పి వదిలితే చక్రం తిరుగుతూనే ఉంది, మేం ముగ్గురం చూస్తూ నిలబడేంతసేపు.

"లారీల ఎక్కుతరా మరి? సారపాకల దించుత" అన్నాడు సైదులు.

నేను నోరు తెరిచేలోపే మా ఆయన కవర్‌ని క్యారేజీకి కట్టేసి సైకిల్ ఎక్కాడు.

సారపాక, వంతెన

ఆ తర్వాత నేను ఆయన్ని అందుకోలేదు. మలుపు తిరిగి కనపడకుండా పోయాడు. వీపు లేదు, ఊపిరి లేదు, ఖాళీ రోడ్డు. పిలిచాను. పలకలేదు. ముద్ద తీసేసినంత మాత్రాన గుండెలో స్టంట్ పోతుందా? మాత్రలేమో నా బ్యాగులో ఉన్నాయి. ప్రతి మలుపు దగ్గరా రోడ్డు పక్కన పడిపోయిన సైకిల్ కోసం చూస్తూ తొక్కాను. అడవి ఎట్లా ఉందని మళ్ళీ అడగకండి.

సారపాకలో మిల్లు పొగగొట్టం కనపడే చోట, ఒక చాయ్ కొట్టు ముందు ఉన్నాడు. ఎవరో షిఫ్టు దిగి వచ్చిన మనిషికి తన సైకిల్ చూపిస్తూ, ముద్ద ఎంత మందాన ఉందో చేత్తో కొలిచి చెప్తున్నాడు. మనిషితో పరిచయం లేదు. అయినా చెప్తున్నాడు.

"మలుపు కాడ ఆగాలని తెలీదా?" అని విరుచుకుపడ్డాను.

"ఆగితే మళ్ళ పోనిస్తవో లేదో అని" అన్నాడు.

మేం కాపురం చేసిన క్వార్టర్ బయటనుంచే చూశాం. కిటికీ రంగు మారింది. ఎవరో బట్టలు ఆరేసుకున్నారు. ఆయన సైకిల్ దిగలేదు కూడా, భద్రాచలం వెలుతురు ఉండగానే చేరాలన్నాడు.

వంతెన మొదట్లో నా సైకిల్ కీచుమంది. నిజానికి కారేపల్లినుంచే కీచుమంటూ ఉండాలి. నేను వినలేదు. ఇప్పుడు తొక్కితే కీచు, ఆపితే కీచు. పక్కన పోయే జనం తిరిగి చూస్తున్నారు.

"ఆగు" అన్నాడు మా ఆయన.

రోడ్డు అంచుకి దిగాం. కింద గోదావరి, చలికాలపు గోదావరి, ఇసుక మధ్య సన్నగా. ఆయన నా చైన్ చూశాడు. ఎర్రగా తుప్పు, ఎండిపోయి ఉంది. నా బ్యాగు ఆయనే తెరిచి మిషన్ నూనె సీసా తీసుకున్నాడు.

"ఇటివ్వండి, మీరు వంగకూడ..."

ఆయన అప్పటికే వంగి ఉన్నాడు. గొంతుక్కూర్చుని, సీసా మూతి లింకు మీద పెట్టి ఒక చుక్క వేశాడు. నేను వద్దనడం ఆపి, పెడల్ పట్టుకుని మెల్లగా వెనక్కి తిప్పాను. ఇంకో లింకు, ఇంకో చుక్క. వేస్తూ మాట్లాడుతున్నాడు. స్టోర్స్‌లో ఉన్నప్పుడు నూనె పీపాలు ఎట్లా దింపేవాళ్ళో, సోమయ్య ఒకసారి వంతెన మీద చెప్పు పోగొట్టుకుని ఎట్లా ఏడ్చాడో, తిరిగి పోయేటప్పుడు జోగమ్మకి ఏం తీసుకుపోవాలో, ఇప్పనూనె సంగతి ఆమెకు చెప్పొద్దని, చెప్తే బాధపడుతుందని. నేను ఊపిరి కోసం వింటున్నాను. మాటల మధ్య ఎక్కడా తెగలేదు. నేను ఒక్క ముక్క కూడా అడ్డం వెయ్యలేదు.

చైన్ ఒక చుట్టు పూర్తయింది. జేబురుమాలు తీసి పైన మిగిలిన నూనె తుడిచాడు. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని లేచాడు, తనంతట తనే. సీసా మూత బిగించి నా చేతిలో పెట్టాడు.

"ఇంకో మాట. పెళ్ళిల పెట్టింది గుమ్మడికాయ పులుసే" అని సైకిల్ ఎక్కాడు.